‘బాయి’ అంటే ఎవరు?

(ఇంటిపని కార్మికులతో పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటిపని కార్మికుల హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టాల దగ్గరికి వస్తాను. ముందుగా ఒక చిన్న మాట గురించి చెప్పాలి. రెండక్షరాల మాట. ‘బాయి’.

మా కరీంనగర్ వైపు బాయి అంటే నీళ్ళ బాయి. కోస్తావాళ్ళు బావి అంటారు. మాకు బాయి అంటే నీళ్ళే కాదు, పొలం కూడా. మీ అమ్మ ఏదే అనడిగితే పిల్లలు “బాయికాడికి పోయింది” అంటారు. పొలం పనికి పోయిందని అర్థం. ఆ బాయిలో చేద ఎవరు వెయ్యాలి, ఖాళీ బిందె పెట్టుకుని దూరంగా ఎవరు నిలబడాలి అన్నది కులం చెప్పేది. నీళ్ళు మోసేది మాత్రం ఏ కులంలోనైనా ఆడదే.

సింగరేణి ప్రాంతంలో బొగ్గు గని కూడా బాయే. మా జిల్లాల వలసల గురించి మూడు మాటలు కలిపి చెప్పేవాళ్ళు: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. వినడానికి ప్రాస బాగుంటుంది. నేను ఈ మూడు మాటలు విన్నప్పుడల్లా, ఇందులో ఆడవాళ్ళెక్కడ అని వెతుక్కుంటాను. ఎందుకంటే ఈ లెక్క వేసినవాళ్ళు మగవాళ్ళ వలసనే వలస అనుకున్నారు.

బొగ్గుబాయి సంగతే చూడండి. ఒకప్పుడు మన దేశంలో ఆడవాళ్ళు గనుల్లోకి దిగి పనిచేసేవారు. 1929లో వచ్చిన నిబంధనలతో వాళ్ళను అంచెలంచెలుగా పైకి పంపించి, 1939 నాటికి పూర్తిగా మాన్పించారు. యుద్ధం వచ్చింది, బొగ్గు కావలసి వచ్చింది. 1943లో నిషేధం ఎత్తేసి మళ్ళీ దించారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్ళీ వద్దన్నారు. 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ భూగర్భంలో స్త్రీలను పనిలో పెట్టుకోకూడదని రాసేసింది. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు 2019లో సడలింపు వచ్చింది. గని లోపల ప్రమాదం లేదని నేననడం లేదు. కానీ యుద్ధమప్పుడు కనిపించని ప్రమాదం శాంతి రాగానే కనిపించిందంటే, అది ఎవరి రక్షణ కోసమో ఆలోచించాలి కదా!

ఇక బొంబాయి. ఆ ఊరితో మనవాళ్ళ సంబంధం పాతది. కామాటిపురా అన్న పేరు నిజాం రాజ్యం నుంచి పోయిన తెలుగు కామాటీల వల్ల వచ్చింది. ఊరు కట్టడానికి మట్టీ రాయీ మోసిన కూలీలు వాళ్ళు. తరువాత చేనేత పనివాళ్ళు షోలాపూరుకు, భివండికి పోయారు. వాళ్ళ వెనకే ఆడవాళ్ళూ పోయారు. మా ఊళ్ళో బాయికాడ పనిచేసిన మనిషి అక్కడ రైలు దిగి, తనే ‘బాయి’ అయింది.

మరాఠీలో బాయి అంటే స్త్రీ. గౌరవంగా పిలిచే పిలుపు కూడా. బడిలో పిల్లలు పంతులమ్మను బాయి అంటారు. 1848లో పూణేలో ఆడపిల్లల బడిలో పాఠం చెప్పింది సావిత్రీబాయి. 1882లో ‘స్త్రీ పురుష తులన’ రాసి మగవాళ్ళను నిలదీసింది తారాబాయి. రాజస్థాన్‌లో కూతుర్నీ అక్కచెల్లెళ్ళనూ బాయి అంటారు, మీరాబాయి అక్కడి మనిషే. మన తండాల్లో లంబాడీ స్త్రీల పేర్లు ఎన్నో బాయితో ముగుస్తాయి. రాజమండ్రిలో పుట్టి రాజ్యాంగ సభలో కూర్చున్నావిడ దుర్గాబాయి. ఇంత మర్యాద ఉన్న మాట ఇది.

ఉత్తరాదిలో ఇదే మాట కచేరీ గదిలోకి పోయేసరికి ఇంకో రంగు పులుముకుంది. పాడి, ఆడి బతికే స్త్రీ పేరు వెనక బాయి అని ఉంటే ఆమె ‘అలాంటిది’ అన్నారు. అందుకే ఎందరో గాయనులు బాయిని వదిలి దేవి అనో, బేగం అనో పెట్టుకోవలసి వచ్చింది. అఖ్తరీబాయి ఫైజాబాదీ 1945లో ఒక బారిస్టరును పెళ్ళాడింది, బేగం అఖ్తర్‌గా కీర్తి పొందింది. గొంతు అదే, గజల్ అదే. కేసర్‌బాయి కేర్కర్ మాత్రం బాయిగానే ఉండిపోయింది. 1977లో అమెరికా పంపిన వాయేజర్ వ్యోమనౌకల్లో బంగారు పూత రికార్డు ఉంది చూడండి, అందులో మన దేశం నుంచి ఆమె పాట ఉంది. సూర్యుడి చుట్టుపక్కల దాటిపోయిన బాయి ఆమె ఒక్కతే అనుకుంటాను!

ఇప్పుడు బొంబాయి అపార్టుమెంటుకు రండి. అక్కడ బాయి అంటే అంట్లు తోమే మనిషి. “మా బాయి ఇవాళ రాలేదు.” “మంచి బాయి ఉంటే చెప్పండి.” మా జిల్లా నుంచి పోయిన ఒకామె ఒకే భవనంలో నాలుగిళ్ళలో పనిచేసేది. పదకొండేళ్ళు చేసింది. ఆ నాలుగిళ్ళలో ఒక్క ఇంట్లోనూ ఆమె పేరు తెలియదు. గేటు దగ్గర పుస్తకంలో డ్రైవర్లకు పేర్లున్నాయి. ఈమెకు మాత్రం ఫ్లాటు నంబరు, దాని పక్కన ‘బాయి’. నాలుగు ఫ్లాట్లు కాబట్టి నలుగురు బాయిలు! ఒక ఇంట్లో గొలుసు కనపడలేదని పోలీసు స్టేషనుకు పిలిచినప్పుడు మాత్రం పేరు, ఊరు, మొగుడి పేరు, కులం అన్నీ అడిగారట. ఆ గొలుసు తరువాత వాళ్ళింట్లోనే దొరికింది. ఆమెకు ఎవరూ ఒక్క మాట కూడా చెప్పలేదు.

మనం తక్కువ తినలేదు. తెలుగులో ‘పనిమనిషి’ అన్నాం. పనీ ఉంది, మనిషీ ఉంది ఆ మాటలో. పిలిచేటప్పుడు మాత్రం మొదటిదే గుర్తుంటుంది. దుబాయి దారిలో పోయిన ఆడవాళ్ళ సంగతీ ఇంతే. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి పోయినవాళ్ళను అక్కడ ‘ఖద్దామా’ అంటారు. సేవ చేసేదని అర్థం. పాస్‌పోర్టులో ఉన్న పేరు యజమాని బీరువాలో ఉంటుంది. ఇంటి పనివాళ్ళ కోసం 2015లో కువైట్ ఒక చట్టం చేసింది. వారపు సెలవు, పనిగంటల పరిమితి అందులో ఉన్నాయి. ఆ సంగతి తెలిసి విమానం ఎక్కేవాళ్ళు ఎందరు?

ఇంకో భాష మిగిలింది. కన్నడంలో ‘బాయి’ అంటే నోరు. పాలమూరు నుంచి బెంగుళూరు కట్టడాల పనికి పోయిన ఒక చెల్లెలు చెప్పింది. నీళ్ళకోసం “బాయెక్కడ?” అని అడిగితే మేస్త్రీ తన నోరు చూపించి పగలబడి నవ్వాడట. వాళ్ళ ‘బాయి ముచ్చు’ అంటే నోరు మూసుకో అని. ఆ మాట అర్థం కావడానికి మాత్రం ఆమెకు భాష నేర్చుకోవలసిన అవసరం రాలేదు. తమిళంలో అదే ‘వాయ్’. మనకూ ఉంది, ‘నోరూ వాయీ లేని మనిషి’ అంటామే, ఆ వాయి అదే. పనిమనిషిని మెచ్చుకోవాలంటే ఇళ్ళల్లో మొదట చెప్పేది కూడా అదే: “పాపం, నోరూ వాయీ లేని పిల్ల.”

నోరున్నవాళ్ళు అడిగినందువల్ల కొన్ని వచ్చాయి. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. 2008లో మహారాష్ట్ర సంక్షేమ బోర్డు చట్టం చేసింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక చేసినప్పుడు మన దేశం అనుకూలంగా ఓటు వేసింది, కానీ ఆ ఒడంబడికను ఇంతవరకూ ధ్రువీకరించలేదు. ఓటు వెయ్యడానికి ఖర్చు లేదు కదా. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల చట్టం ఇంటిని కూడా పనిస్థలంగా ఒప్పుకుంది. ఇంటిపని కార్మికురాలు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే కమిటీ దాన్ని ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఈ కార్మికులకు ప్రత్యేక చట్టం ఎలా ఉండాలో చూడడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

వీటిలో ఏదైనా సరే, ఒక కాగితం మీద ఆమె పేరు, ఆమె చేసే పని, ఇచ్చే జీతం రాసి ఉంటేనే పనికొస్తుంది. జీతం చేతికిస్తారు, రాయరు. నెలనెలా చిన్న పుస్తకంలో తేదీ, మొత్తం రాయించి యజమానితో సంతకం పెట్టించమని మనం బస్తీల్లో చెబుతున్నాం. కొందరు పెడుతున్నారు. కొందరు “నా మీద నమ్మకం లేదా?” అంటున్నారు. పదకొండేళ్ళు పేరు అడగనివాళ్ళు నమ్మకం గురించి మాట్లాడితే ఏం జవాబు చెప్పాలో మీరే ఆలోచించి తయారుగా ఉండండి.

భోజనాల తర్వాత పక్క గదిలో ఈ-శ్రమ్ నమోదు చేస్తారు. పదహారు నుంచి యాభైతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళంతా ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని రండి. వృత్తి అన్న చోట ‘ఇంటిపని కార్మికురాలు’ అని చెప్పండి. రాసే అబ్బాయి ‘గృహిణి’ అని రాశాడేమో ఒకసారి చదివించుకుని, ఆ తరువాతే వేలిముద్ర వెయ్యండి.