ఆకుకూరల అంగడిలో రైతు ఎవరు?

ఆకుకూరల బేరం ఎక్కువగా ఆడవాళ్లది. పెట్టుబడి తక్కువ, విత్తిన మూడు నాలుగు వారాలకే తోటకూర కోతకొస్తుంది, ఏ పూట డబ్బు ఆ పూటే చేతికందుతుంది. మధురై జిల్లా మేలూరు వైపు తెలుగిళ్లలోనూ తమిళుల ఇళ్లలోనూ పద్ధతి ఒకటే. సాయంత్రం కోసి, అరటినారతో కట్టలు కట్టి, నీళ్లు చిలకరించి తడిగోనె కప్పడం, తెల్లవారేసరికి వీధి మొగలో గంప దించడం స్త్రీల పని. టోకు మార్కెట్టులో మండీ, కమీషను, లారీ మగవాళ్ల చేతిలో ఉంటాయి. ఎండెక్కేకొద్దీ ఆకు వాడుతుంది. ఆ నష్టం గంప మోసినామెదే.

తూర్పు ఆఫ్రికాలోనూ ఇంతే. కెన్యా జనం తినే తోటకూర, అలసందాకు, కామంచి, వామింట మనకు కొత్తవి కావు. ఇక్కడ కలుపని పీకేసే వామింటను అక్కడ సాగు చేస్తారు. చాలాకాలం అవి ఆడవాళ్ల పంటలే. ప్రొఫెసర్ మేరీ అబుకుత్స-ఒన్యాంగో వంటి శాస్త్రజ్ఞుల కృషితో గిరాకీ పెరిగి, నైరోబీ సూపర్ మార్కెట్లకెక్కాయి. లాభం కనబడేసరికి మగవాళ్లూ దిగారు. పెద్ద బేరానికి భూమి, బండి, బ్యాంకు ఖాతా కావాలి. అవి ఎవరి పేర ఉంటాయో తెలిసిందే.

స్నాతకోత్సవంలో మాట్లాడుతున్న ఈ వక్త మనసు చిక్కుకున్నది ఇక్కడే. 1999 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు, అదే ఏడాది నవంబరు 14న మధురై అణ్ణానగర్‌లో తొలి ఉళవర్ సందై (రైతుల సంత) మొదలయ్యాయి. దళారీని తప్పించడం గొప్ప మేలు. అయితే గుర్తింపు కార్డు రైతుకే ఇస్తారు, రైతెవరో తేల్చేది భూమి కాగితం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీలు నడిపే కమతాలు 14 శాతం లోపే. విస్తరణ శాఖలో పనిచేసిన కాలమంతా వక్త చూసింది ఇదే: "రైతు ఎవరమ్మా?" అంటే చేతులకు మట్టంటినామె టీకొట్టు వైపు చూపించేది. శిక్షణ పిలుపూ ఆ టీకొట్టుకే వెళ్లేది.

నేటి పట్టభద్రుల్లో కామంచికీ వామింటకీ తేడా చెప్పగలవారెందరని అడగకపోవడమే మర్యాద. మెడలో బంగారు పతకం మెరుస్తుంటుంది, ఆకుకూర కట్ట ధర మాత్రం అమ్మనడగాలి! వీధిలో గంప దించి అమ్మేవారి కోసం వచ్చిన 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ కమిటీల్లోని వ్యాపారుల ప్రతినిధుల్లో మూడో వంతు స్త్రీలు ఉండాలంది. ఆ చట్టమైనా చదివి ఉంటే సంతోషం.

పట్టా పుచ్చుకున్నవారు రేపు సర్వే ఫారాలతో ఊళ్లకు వెళ్తారు. 'రైతు పేరు' అన్న గడి నింపేముందు కట్ట కట్టిందెవరో, గంప మోసిందెవరో అడిగి, ఆ పేరు రాయాలి.