వంతెన మీద మంచు



1986 జనవరి, ధనుర్మాసపు చలి. కొత్త మోటారు సైకిళ్ళ ప్రదర్శన చూద్దామని తెల్లవారకుండానే కొవ్వూరు నుంచి రాజమండ్రికి నా పాత రాజ్‌దూత్ మీద బయల్దేరాను. వెనుక మా ఆవిడ. "ఎండెక్కాక వెళదామండీ" అంది. వినలేదు.

1974లో ప్రారంభమైన రోడ్డు కం రైలు వంతెన ఎక్కేసరికి దట్టమైన మంచు. గోదావరి కనబడలేదు. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి, బ్రేకు పట్టు చిక్కలేదు. ఎదురుగా లారీ! ఆవిడ కేకకు బండి ఎడమకు కోశాను. బతికాం.

ప్రదర్శనలో, లీటరుకు 80 కిలోమీటర్లని ప్రకటించిన హీరో హోండా మెరిసిపోతోంది. నా చూపు మాత్రం ఆవిడ వణుకుతున్న చేతుల మీదే.

మిత్రులారా, చలికాలంలో ఎండెక్కాకే బండి తీయండి. వెనుక కూర్చున్నవారి మాట వినండి. సెలవు.