డిష్ చివర చిన్న డబ్బా



ఈరోజు పట్టాలు అందుకుంటున్న ఎలక్ట్రానిక్స్ విద్యార్థులారా, నా జేబులో ఒక చిప్ ఉంది. బియ్యపు గింజంత ఉంటుంది. వైర్‌లెస్ పరికరంలో సిగ్నల్ బలం ఎక్కడ చాలకపోతే అక్కడ పెట్టుకునే మామూలు ఆర్ఎఫ్ యాంప్లిఫయర్. గెయిన్ బ్లాక్ అంటాం. ఇటు 50 ఓంలు, అటు 50 ఓంలు; మధ్యలో సిగ్నల్ శక్తి 20 డెసిబెల్స్, అంటే 100 రెట్లు పెరుగుతుంది. సిగ్నల్ బయటికి వచ్చే కాలులోంచే కరెంటు లోపలికి వెళ్తుంది. ఆ రెండూ కలిసిపోకుండా ఒక చోక్, ఒక కెపాసిటర్ కాపలా కాస్తాయి. ఎన్నిసార్లు చూసినా ఆ ఏర్పాటు నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి చిప్‌తో బోర్డు చేశాను. ఇన్‌పుట్‌కు ఏమీ కలపకుండానే స్పెక్ట్రమ్ అనలైజర్ మీద నిలువుగా ఒక గీత లేచింది. యాంప్లిఫయర్ తనంతట తానే మోగుతోంది! రెండు రోజులు చిప్‌లు మార్చాను. చివరికి ఒక పెద్ద టెక్నీషియన్ భూతద్దంలో చూసి, "గ్రౌండ్ ఎంత దూరం పోయిందో చూడు బాబూ" అన్నారు. చిప్ గ్రౌండ్ కాలును సన్నటి గీతతో నాలుగు మిల్లీమీటర్ల అవతల కలిపాను. 1 గిగాహెర్ట్జ్ దగ్గర అలాంటి గీత మిల్లీమీటరుకు సుమారు 6 ఓంల అడ్డు పెడుతుంది. కాలు కిందే రంధ్రాలు వేసి గ్రౌండ్‌కు దించాక అనలైజర్ మీది గీత మాయమైంది. ఆ జాగ్రత్త డేటాషీట్‌లోనే ఉంది, నేనే చదవలేదు.

ఇక రొద సంగతి. యాంప్లిఫయర్ సిగ్నల్‌నూ, దానితో వచ్చిన రొదనూ కలిపే పెంచుతుంది, తన రొద కొంత జోడిస్తుంది. మొదటి దశ ఎన్ని రెట్లు పెంచితే, వెనకవాటి రొద ప్రభావం అన్నో వంతుకు పడిపోతుందని 1944లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ ఫ్రిస్ సూత్రం రాశారు. 1 డెసిబెల్ నాయిస్ ఫిగర్, 20 డెసిబెల్స్ గెయిన్ ఉన్న యాంప్లిఫయర్‌నూ, 3 డెసిబెల్స్ తినేసే కేబుల్‌నూ తీసుకోండి. యాంప్లిఫయర్ ముందుంటే మొత్తం నాయిస్ ఫిగర్ 1 డెసిబెల్ దాటీ దాటనట్టు ఉంటుంది. కేబుల్ ముందుంటే 4. వస్తువులు అవే, చోటు మాత్రమే మారింది. అందుకే అన్నిటికంటే తక్కువ రొద చేసే ట్రాన్సిస్టర్ యాంటెన్నా పక్కనే ఉంటుంది, నా జేబులో చిప్ లాంటివి దాని వెనక నిలబడతాయి.

నాలుగేళ్లు మీరేం చదివారో మీ అమ్మానాన్నల్లో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. ఇంటికి వెళ్లాక వాళ్లను మేడ మీదికి తీసుకెళ్లండి. టీవీ డిష్ ముందు, కడ్డీ చివర ఉన్న చిన్న డబ్బాను చూపించండి. దానికి కరెంటు కింది సెట్‌టాప్ బాక్స్ నుంచి, సిగ్నల్ కిందికి దిగే కేబుల్‌లోనే పైకి వస్తుందని చెప్పండి. టీవీ పక్కన హాయిగా పెట్టుకోక, దాన్ని ఎండావానల్లో అంత ఎత్తున ఎందుకు ఉంచారో మీ మాటల్లో వివరించండి.