కణం మీది స్విచ్చులు: ఒక ఇంజనీరుకు అర్థమైన క్యాన్సర్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి ఫోన్ చేసి, “నువ్వు ఇంజనీరువి కదా, కరెంటు గురించి ఏదైనా నాలుగు ముక్కలు చెప్పు” అన్నాడు. స్విచ్చుల గురించే చెబుతాను. కానీ అవి గోడ మీది స్విచ్చులు కావు, మన ఒంట్లో కణాల మీదివి. నేను డాక్టర్ని కాను. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి ఆమె రిపోర్టులు పట్టుకుని తిరుగుతూ, డాక్టర్లను అడుగుతూ, చదువుకుంటూ తెలుసుకున్నదే చెబుతాను. అక్క కూడా ఈ బడి విద్యార్థే. ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను.

ఆరోగ్యంగా ఉన్న కణం తనంతట తాను విభజన చెందదు. బయటి నుంచి కబురు రావాలి. హార్మోన్లు, పెరుగుదల కారకాలు ఆ కబురు తెస్తాయి. దాన్ని అందుకునే ప్రొటీన్లే గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు. చాలా గ్రాహకాలకు తల కణపొర బయట, తోక లోపల ఉంటుంది. కబురు తెచ్చిన అణువు తలకు అతుక్కోగానే రెండు గ్రాహకాలు జత కడతాయి. లోపలి తోకల మీద ఫాస్ఫేట్లు చేరతాయి. అక్కడి నుంచి రాస్ వంటి ప్రొటీన్లు ఒకదానికొకటి అందించుకుంటూ కబురును కేంద్రకం దాకా చేరుస్తాయి. అప్పుడు విభజన మొదలవుతుంది. పని అయ్యాక కణం ఆ కబురును ఆపేస్తుంది.

మన పొలాల్లో బోరు మోటారు స్టార్టరు గుర్తు తెచ్చుకోండి. పచ్చ బటన్ నొక్కితే కాయిల్‌కు కరెంటు అందుతుంది, కాంటాక్టర్ పడుతుంది, మోటారు తిరుగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. ఈ వరసలో ఎక్కడ చెడినా మోటారు ఆగకుండా తిరగవచ్చు. క్యాన్సర్‌లోనూ అంతే. నాకు ముఖ్యంగా మూడు రకాల లోపాలు కనిపించాయి.

మొదటిది, స్విచ్చులు లెక్కకు మించి పుట్టుకురావడం. హెర్2 అనే గ్రాహకం జన్యువుకు మామూలు కణంలో రెండు ప్రతులుంటాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో అవి ఎన్నో రెట్లు పెరిగి, కణపొర నిండా హెర్2 గ్రాహకాలు కిక్కిరిసిపోతాయి. అవి ఒకదానికొకటి తగిలి, బయటి కబురు లేకుండానే జత కడతాయి. రెండోది, స్విచ్చే వంకరపోయి ఆన్‌లో ఉండిపోవడం. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం ఇలా మారుతుంది. మూడోది, స్విచ్చు బాగానే ఉన్నా లోపలి కాంటాక్టర్ అతుక్కుపోవడం. రాస్ ప్రొటీన్ మారితే జరిగేది ఇదే.

ఆ కబురు విభజన దగ్గరే ఆగదు. చావాల్సిన కణాన్ని చావనివ్వదు. కొత్త రక్తనాళాలను గడ్డ వైపు పిలుస్తుంది. కణం ఉన్నచోటు వదిలి వేరేచోటికి పోవడానికీ తోడ్పడుతుంది.

ఈ జ్ఞానం ఒక్కరోజులో రాలేదు. 1896లో బీట్సన్ అనే స్కాట్లండ్ సర్జన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలకు అండాశయాలు తీసేస్తే గడ్డ తగ్గడం గమనించి ప్రకటించాడు. కారణం అప్పటికి తెలియదు. 1950ల చివర షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ రేడియోధార్మిక ఈస్ట్రోజెన్‌తో ప్రయోగాలు చేసి, కొన్ని కణజాలాల్లో దాన్ని పట్టి ఉంచే గ్రాహకం ఉందని చూపాడు. ఇది కణపొర మీద కాక, లోపల ఉండే రకం. ఆ గ్రాహకానికి అడ్డుపడే టామోక్సిఫెన్‌ను 1962లో ఇంగ్లండ్‌లో గర్భనిరోధకం కోసం తయారుచేశారు. ఆ పనికి అది కుదరలేదు. 1977లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ మందుగా అనుమతి పొంది, నేటికీ ఎందరినో కాపాడుతోంది.

1987లో డెనిస్ స్లేమన్ బృందం, హెర్2 జన్యువు ప్రతులు పెరిగిన వారిలో జబ్బు త్వరగా తిరగబెడుతోందని చెప్పింది. ఆ గ్రాహకం తలను పట్టుకునే యాంటీబాడీ ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒకప్పుడు భయపెట్టిన ఆ లోపమే మందుకు గురి అయింది.

ఇక్కడ మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోవాలి. ఆయన నడిపిన పరిశోధనశాలలో తయారైన అమినోప్టెరిన్‌తో, రక్త క్యాన్సర్ పిల్లల్లో కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. అది స్విచ్చును ఆపే మందు కాదు, ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుని మోటారుకే తిండి లేకుండా చేసేది. అలాంటి మందులు వేగంగా విభజించే మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. జుట్టు రాలేది అందుకే.

ఇక అక్క సంగతి. ఆమె రిపోర్టులో ఈస్ట్రోజెన్ గ్రాహకం లేదు, ప్రొజెస్టరాన్ గ్రాహకం లేదు, హెర్2 దగ్గర “2 ప్లస్” అని ఉంది. సున్నా, 1 ప్లస్ అయితే ఆ మందుకు లేదనే లెక్క. 3 ప్లస్ అయితే ఉన్నట్టు. 2 ప్లస్ అంటే అటూ ఇటూ కాదు, ఫిష్ అనే పరీక్షతో జన్యువు ప్రతులు లెక్కపెట్టాలి. ఆ పరీక్షకు విడిగా డబ్బు కట్టాలి. “పోనీలేరా, మామూలు కీమో చాలదా” అంది అక్క. ఖర్చు మా నెత్తిన పడుతుందని ఆమె బాధ. ఇంటిల్లిపాదీ పట్టుబట్టి చేయించాం. ఫలితం వచ్చేదాకా పది రోజులు ఎవరికీ అన్నం సయించలేదు. పాజిటివ్ వచ్చింది. అంటే ఆ మందు పనిచేసే దారి ఉంది. ఆ పరీక్ష మానుకుని ఉంటే ఆ దారి ఉన్నట్టే మాకు తెలిసేది కాదు. కీమోతో పాటు మొదలుపెట్టి, మూడు వారాలకోసారి చొప్పున ఏడాది పాటు ఎక్కించారు. ఆ మందు గుండెను బలహీనపరచవచ్చు కాబట్టి మధ్యమధ్య ఎకో తీశారు.

అందరికీ అన్నీ పనిచేయవు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్‌ను ఆపే సెటుక్సిమాబ్ ఉంది. కానీ రాస్ మారినవారికి దానివల్ల లాభం లేదు. కాంటాక్టర్ అతుక్కున్నాక బటన్ ఎన్నిసార్లు నొక్కితే ఏం లాభం? అందుకే మందుకంటే ముందు పరీక్ష.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వస్తే మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, ఏ గ్రాహకాలు పరీక్షించారో, ఫలితమేమిటో డాక్టరును అడగండి. రెండు, 2 ప్లస్ దగ్గర ఆగిపోకండి. మూడు, బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి భద్రపరిచే బ్లాక్ ఎక్కడుందో కనుక్కోండి. మరో ఆసుపత్రికి వెళ్లినా, మరో పరీక్ష కావాలన్నా అదే ఆధారం.

చివరగా ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో బడికి స్వాగత ద్వారం కట్టాలని కొందరు మిత్రులు అంటున్నారు. కట్టండి, నా వంతు నేనూ ఇస్తాను. కానీ ఆ నిధిలో కొంత భాగం విడిగా ఉంచి, మన బడిలో చదివినవారికి, పాఠం చెప్పినవారికి, ఇక్కడ గంట కొట్టినవారికి ఇలాంటి పరీక్షల ఖర్చు కోసం ఇద్దాం. డబ్బు లేక పరీక్ష మానుకున్నవారు మన బడి తాలూకు మనుషుల్లో ఒక్కరూ ఉండకూడదు. దీన్ని ఇవాళ్టి సర్వసభ్య సమావేశంలోనే తీర్మానం చేయాలని కోరుతున్నాను.