ఈల చేతబట్టిన తీర్పరి



భారతకథ నెఱిగినవారికి శల్యపర్వములోని గదాయుద్ధము జ్ఞాపకముండకపోదు. భీమదుర్యోధనులు శమంతపంచకమున గదలెత్తి పోరాడిరి. నాభికి దిగువను కొట్టరాదని నియమము. అది పోరువారికిని తెలియును, చూచువారికిని తెలియును. అయినను భీముడు తొడలు విఱుగగొట్టెను. ఇరువురికిని గదావిద్య గఱపిన బలరాముడు అక్కడనే యుండి, అధర్మమని కేకవేసి, నాగలి యెత్తుకొని భీమునిపైకి దుమికెను. కృష్ణుడు పట్టుకొని యనునయించెను. బలరాముడు కోపముతో వెడలిపోయెను. ఫలితము మాత్రము మారలేదు. నియమమున్నది, నియమము తెలిసిన పెద్దయు నున్నాడు. కాని యా పెద్దను తీర్పరిగా నిలిపినవారు లేరు. ఆతడు చూడవచ్చినవాడు మాత్రమే. ఆటకు నియమములుండుట వేఱు, వానిని నడుపువాడుండుట వేఱు. ఈ రెండవ కొఱతను తీర్చుటకే ఫుట్‌బాలు ఆటలో రిఫరీ పుట్టెను. నేటి ప్రసంగము ఆతనిని గుఱించియే. అందును టెలివిజనులో కనబడు రిఫరీని గూర్చి కాదు. వారమంతయు తన యుద్యోగము తాను చేసికొని, ఆదివారమునాడు ఊరివారి ఆటకు తీర్పు చెప్పవచ్చు సామాన్య రిఫరీని గుఱించి.

1863లో లండను నగరమున ఫుట్‌బాలు సంఘమువారు తొలిసారిగా నియమములు వ్రాసిరి. అందు రిఫరీ ప్రసక్తియే లేదు. ఆడువారు పెద్దమనుష్యులు గనుక తప్పు జరిగినచో తామే యొప్పుకొందురని వారి తలంపు. ఆ తలంపు ఎన్నాళ్ళు నిలుచును? కొంతకాలమునకు పక్షమునకొక యంపైరును పెట్టుకొనిరి. ఎవని యంపైరు వానివైపే మాటాడుచుండగా, వారిరువురికిని పొందిక కుదరనపుడు వివాదమును నివేదించుకొనుటకు గీత వెలుపల మూడవవాని నొకనిని నిలిపిరి. వివాదము ఎవనికి నివేదింపబడునో వాడే రిఫరీ. ఆ యింగ్లీషు మాటకు అర్థ మదియే. 1891లో ఆతనిని గీత దాటించి మైదానము నడుమకు తెచ్చిరి. యంపైరులు జెండాలు పట్టుకొని గీత ప్రక్కకు పోయిరి. అడిగినప్పుడు చెప్పువాడు కాస్తా, అడుగకయే చెప్పువాడయ్యెను. పెనాల్టీ తన్నును నియమములలో చేర్చినదియు ఆ సంవత్సరముననే. పెద్దమనుష్యులు కావలెనని తప్పుచేయరను నమ్మకము ఆనాటితో ముగిసినదని చెప్పవచ్చును.

లండను నగరపు తూర్పు భాగమున హాక్నీ మార్షెస్ అను విశాలమైన పచ్చిక బయలు కలదు. ఒకప్పుడు నూటికి పైగా ఫుట్‌బాలు మైదానములు అక్కడ ప్రక్కప్రక్కనే యుండెడివి. ఆదివారము ఉదయమున వడ్రంగులు, గుమాస్తాలు, బస్సు నడుపువారు, కూరగాయల యంగళ్ళవారు జట్లుజట్లుగా వచ్చి యాడుదురు. ఒక జట్టు తన్నిన బంతి ప్రక్క జట్టు ఆటలోనికి పోవుట సాధారణము. అట్టిచోట రిఫరీ యందఱికంటె ముందుగా వచ్చును. సంచి నొకమూల నుంచి మైదానమంతయు నడచి చూచును. గాజుపెంకు లున్నవా, గుంటలున్నవా, వల యంతటను కట్టబడినదా, గోలు స్తంభము కదలుచున్నదా, మూలల యందు జెండాలున్నవా యని పరీక్షించును. జెండాకఱ్ఱ అయిదడుగులకు తక్కువ యుండరాదు. పొట్టికఱ్ఱ పైబడినవాని కంటిలో గ్రుచ్చుకొనవచ్చును గదా!

కొలతల విషయమున ఒక చిన్న ముచ్చట. పెనాల్టీ ప్రదేశము వెడల్పు 44 గజములు. పూర్వము గ్రామములలో భూమి కొలిచిన గొలుసు పొడవు 22 గజములు. అనగా సరిగా రెండు గొలుసులు. క్రికెట్టు ఆటలో వికెట్ల నడుమ దూరము సరిగా ఒక గొలుసు. క్రికెట్టు వారిది గొలుసు లెక్కయే యనుట ప్రసిద్ధము. ఫుట్‌బాలులోనిది మాత్రము గోలు వెడల్పు 8 గజములకు ఇరువైపుల 18 గజములు చేర్చగా వచ్చినది, కాకతాళీయమే. అయినను గొలుసు పట్టినవారికి ఆ లెక్క చూడ ముచ్చటగా నుండును.

ఇక దేహదార్ఢ్యము. ఆడువాడు అలసినచో మఱియొకనిని దింపవచ్చును. రిఫరీకి ఆ వసతి ఊరి యాటలలో లేదు. 90 నిముషములును ఆతడే. పెద్ద పోటీలలో రిఫరీ ఒక యాటలో 10 మొదలు 12 కిలోమీటర్ల వఱకు పరుగును నడకయు కలిపి తిరుగును. ఊరి యాటలో అంత లేకపోవచ్చును గాని, ఆడువారు ఇరువది యేండ్లవారు, ఆతడు నలుబదియో యేబదియో దాటినవాడు. ఈ పరుగెందుకని కొందఱడుగుదురు. తప్పు జరిగిన చోటికి నలువది గజముల దూరమున నిలిచినవాడు నిజమే చెప్పినను ఎవరును నమ్మరు. పది గజములలో నున్నవాడు పొరపడినను ఆడువారు గొణిగి యూరకుందురు. పొలిమేర తగవులో గట్టుపై నిలిచి చూచినవాని మాటకును, ఇంట కూర్చుండి చెప్పినవాని మాటకును గల భేదమే యిది. కావున రిఫరీ పరుగు వ్యాయామము కాదు. అది తీర్పులో నొక భాగము.

అయితే బంతి వెంబడి ఊరక పరుగెత్తినను చాలదు. స్టాన్లీ రౌస్ అను బడిపంతులు రిఫరీగా పేరుపొంది, 1934లో ఇంగ్లండు కప్పు తుదియాటకు తీర్పరిగా నుండెను. నియమముల నన్నిటిని తిరుగవ్రాసి 1938లో క్రమపఱచినవాడు నాతడే. మైదానమున ఒక మూలనుండి యెదురుమూలకు కర్ణరేఖగా రిఫరీ తిరుగవలెననియు, మిగిలిన రెండు మూలల వైపు గీత ప్రక్కనున్న సహాయకులు చూచుకొనవలెననియు ఆతడు పద్ధతి యేర్పఱచెను. అప్పుడు ప్రతి తప్పును ఇద్దఱు రెండువైపులనుండి చూతురు. చక్కని పద్ధతి. కాని ఊరి యాటలో ఆ యిద్దఱు సహాయకు లెవరు? జట్టునకొకరుగా తెచ్చినవారు! 1891కి పూర్వపు యంపైరులే మరల వచ్చిరన్నమాట. వారిలో ఒకడు ఆడుటకు చోటు దొరకక అలిగినవాడు, ఇంకొకడు ఆటగాని తండ్రి. బంతి గీత దాటినదని చెప్పుటకు తప్ప వారి జెండాను రిఫరీ మిక్కిలిగా నమ్మడు, నమ్మనట్లు కనబడనీయడు. ఈ రెండవదియే కష్టము.

అంతర్జాతీయ రిఫరీలకు పరీక్ష కఠినమైనది. 40 మీటర్ల దూరమును ఆఱు సెకండ్లలో, నిముషము విశ్రాంతితో ఆఱుమాఱులు పరుగెత్తవలెను. పిమ్మట 75 మీటర్లు 15 సెకండ్లలో పరుగెత్తి 25 మీటర్లు నడచుట, అట్లు నలువది మాఱులు. మొత్తము నాలుగు కిలోమీటర్లు. ఊరి యాటల రిఫరీకి ఇంతటి పరీక్ష లేదు. పై మెట్టునకు పోగోరినవాడే పరీక్ష కెదురుచూచి, చలికాలపు సాయంకాలములందు పని ముగించుకొని వీథిదీపముల వెలుతురున పరుగెత్తుచుండును. తక్కినవారికి పరీక్షాధికారి ఆ యాదివారపు ఆటయే. ఎనుబదవ నిముషమున బంతి యొక గోలునుండి మఱియొక గోలునకు ఎగిరిపోయినపుడు, వారమంతయు పరుగెత్తినవా డెవడో, పరుగెత్తనివా డెవడో ఎల్లరకు తెలిసిపోవును.

దుస్తుల నియమములు చెప్పవలసియున్నది. తొలుత రిఫరీ దుస్తులే. 1930లో ఉరుగ్వే దేశపు మాంటివిడియో నగరమున మొట్టమొదటి ప్రపంచకప్పు తుదియాట జరిగెను. దానికి తీర్పరి బెల్జియము దేశీయుడైన జాన్ లాంగెనస్. కోటు, మెడకు టై, మోకాళ్ళదాక వచ్చు లాగు ధరించి ఆతడు మైదానమునకు దిగెను. ఏ జట్టు తెచ్చిన బంతితో ఆడవలెనని వివాదము రాగా, మొదటి సగము అర్జెంటీనా వారి బంతితోను, రెండవ సగము ఉరుగ్వే వారి బంతితోను ఆడించిరి. ఎవరి బంతితో ఆడినపుడు వారిదే పైచేయి యయ్యెను. తుదకు ఉరుగ్వే 4–2తో గెలిచెను. తరువాత కోటు పోయి నల్లచొక్కా వచ్చెను. ఇంగ్లండులో ప్రీమియరు లీగు 1992లో ఆరంభమైనపుడు అక్కడి రిఫరీలు ఆకుపచ్చ చొక్కాలు ధరించిరి గాని, ఊరి రిఫరీకి నేటికిని నలుపే యాచారము. ఆతనివద్ద ఈల, గడియారము, పసుపు ఎఱ్ఱ కార్డులు, చిన్న పుస్తకము తప్పక యుండవలెను. అనుభవజ్ఞులు ఈలలు రెండు, గడియారములు రెండు ఉంచుకొందురు. ఒకటి ఆగినచో లెక్క పోవును. లెక్క పోయినవాని మాట చెల్లదు.

ఆటగాండ్రకు చేతులున్న చొక్కా, నిక్కరు, మేజోళ్ళు, ముంగాలి యెముకను కాపాడు షిన్‌గార్డులు, బూట్లు—ఇవి విధులు. షిన్‌గార్డులు 1990 నుండి తప్పనిసరి యైనవి. గోలుకాపరి చొక్కా రంగు తక్కినవారి రంగులకును రిఫరీ రంగునకును భిన్నముగా నుండవలెను. బూటు జాఱిపోయినవాడు వట్టికాలితో గోలు తన్నినను ఆ గోలు చెల్లును. బంతి గీత దాటి ఆట ఆగులోపల తిరిగి తొడుగుకొన్న చాలును. వట్టికాలి మాట వచ్చినపుడు 1948 లండను ఒలింపిక్సు స్మరింపదగినది. భారత జట్టులో పెక్కురు బూట్లులేకయే ఇల్‌ఫర్డు మైదానమున ఫ్రాన్సు జట్టునెదిరించి 2–1తో మాత్రమే ఓడిరి. రెండు పెనాల్టీలు చేజాఱకున్న కథ వేఱుగా నుండెడిది!

నగలు ధరింపరాదనునదియు నియమమే. ఉంగరము, చెవిపోగు, గొలుసు, కడియము ఏదియు కూడదు. టేపు చుట్టి కప్పుటయు కూడదు. ఆదివారపు రిఫరీకి ఎక్కువ తిట్లు తెచ్చునది ఈ నియమమే. "పెండ్లినాటినుండి తీయలేదు" అని ఒకడు, "వ్రేలికి బిగిసిపోయినది" అని యొకడు. రిఫరీ తీయనిదే ఆడనీయడు. ఇది ఛాందసమని తోచవచ్చును. 2004 డిసెంబరులో స్విట్జర్లాండున సెర్వెట్ జట్టు ఆటగాడు పాలో డియోగో గోలు పడిన సంతోషముతో ప్రేక్షకుల వైపునున్న ఇనుపకంచె యెక్కెను. క్రొత్తగా పెండ్లియైనవాడు. ఉంగరము కంచెకు తగులుకొన్నది ఎఱుగక క్రిందికి దుమికెను. వ్రేలిలో సగము పైననే నిలిచిపోయెను. రిఫరీ యాతనికి పసుపు కార్డు చూపెను. ఆ కార్డు న్యాయమో కాదో వాదింపవచ్చును. ఉంగరము తీయుమనిన రిఫరీతో ఆ దినము తరువాత వాదించుట కష్టము. తలపాగా, తలముసుగుల విషయమున మాత్రము 2014లో నియమము సడలించి, అపాయములేని రీతిలో ధరింపవచ్చునని యొప్పుకొనిరి. అది మెచ్చదగిన పని.

కార్డుల కథయు ఒక బడిపంతులుదే. కెన్ ఆస్టన్ ఇంగ్లండున ఉపాధ్యాయుడు, రిఫరీ. రెండవ ప్రపంచయుద్ధకాలమున భారతసైన్యమునందు పనిచేసినవాడు. 1966 ప్రపంచకప్పులో ఇంగ్లండు–అర్జెంటీనా ఆటకు జర్మను దేశీయుడు రిఫరీ. ఆతడు అర్జెంటీనా నాయకుడు రాటిన్‌ను వెడలిపొమ్మనెను. ఒకరి భాష యొకరికి రాదు. రాటిన్ చాలసేపు కదలలేదు. ఆస్టన్ ఆ పోటీలకు రిఫరీల పెద్ద. ఆ తరువాత ఆతడు కారులో పోవుచు కెన్సింగ్టన్ హై స్ట్రీటున కూడలి దీపములను చూచెను. పసుపు: నెమ్మది. ఎఱుపు: నిలువుము. ఏ భాషవారికైనను తెలియు మాట. 1970 మెక్సికో ప్రపంచకప్పులో ఆ కార్డులు మొదటిసారిగా వాడబడెను.

కార్డు అందఱికిని తెలిసిన భాషయే గాని, అందఱును వినుభాష కాదు. నెదర్లాండ్సు దేశమున అల్మీర్ పట్టణములో 2012 డిసెంబరు 2వ తేదీన పిల్లల జట్ల ఆటకు ఒక తండ్రి జీతము లేకయే గీతప్రక్కన జెండా పట్టెను. ఆట ముగిసినపిమ్మట ఎదుటి జట్టు కుఱ్ఱవాండ్రు ఆతనిని క్రిందబడవేసి తన్నిరి. మఱునాడు ఆతడు మరణించెను. ఆ మరుసటి వారాంతమున దేశమంతట ఊరి యాటలన్నియు నిలిపివేసిరి. ఇంగ్లండులో 2023లో మిడిల్స్‌బ్రో ప్రాంతమున మొదలుపెట్టి, పెద్దల యాటలలో రిఫరీల రొమ్మునకు చిన్న కెమెరాలు కట్టి చూచిరి. 1863లో తీర్పరియే అక్కఱలేదనుకొన్న దేశమున తీర్పరికి సాక్షి కావలసివచ్చెను. కెమెరా తప్పుమాటల నాపవచ్చును. గీతప్రక్కన నిలిచి కేకలువేయు తండ్రుల నోటికి మాత్రము పిల్లలే సాక్షులు, శిష్యులును.

ఇంత జరిగినను ఆదివారమునాడు ఆతడు వచ్చుచున్నాడు. కొలదిపాటి పైకము ముట్టును. ప్రయాణపు ఖర్చును ఈలల వెలయు పోగా మిగులున దేమియు లేదు. ఆతని తీర్పు ఆ విషయమున తుదితీర్పు. అయినను ఆట తిరిగి మొదలుకాకముందు పొరపాటు తెలిసినచో తానే దిద్దుకొనవచ్చునని నియమము. చేయెత్తి "పొరపడితిని" అని బంతిని ఎదుటిజట్టున కిచ్చిన రిఫరీని ఆడువారు తక్కువగా చూడరు. కొట్టివేతకు ప్రక్కన సంతకము పెట్టిన లెక్కను ఏ యధికారియు తప్పుపట్టడు గదా. ఆట మొదలైన పిమ్మట మాత్రము దిద్దుటకు వీలులేదు. ఆ తప్పును ఇంటికి మోసికొనిపోవలసినదే.

ఆట ముగిసినది. ఇరుజట్ల నాయకులలో నొకడు చేయి కలిపినాడు, ఒకడు కలుపలేదు. రిఫరీ బురద బూట్లను గడ్డికి రుద్ది సంచిలో వేసికొని, రెండు గడియారములను సరిచూచి, పుస్తకము తెఱచును. గోళ్ళు ఎవరివి, ఏ నిముషమున, ఏ యంకెవానికి ఏ కార్డు, ఏ తప్పునకు. తడిసిన కాగితముపై పెన్సిలు వ్రాత చెదరకమునుపే సాయంకాలము నివేదిక వ్రాయవలెను. రాబోవు ఆదివారము ఆట యెక్కడనో అప్పటికే కబురు వచ్చియున్నది. ఆతడు బస్సు వేళ చూచుకొనుచున్నాడు.