మన పేరు మీద వచ్చే పైసలు
(అమీర్‌పేట బస్తీ మహిళలతో చేసిన ప్రసంగం)



మీరిప్పుడు బస్సు బోర్డు చదువుతున్నారు. మెట్రో స్టేషన్ పేరు చదువుతున్నారు. సంతోషం. ఈరోజు ఇంకో రకం బోర్డు గురించి మాట్లాడుకుందాం. కొన్ని బస్తీల్లో కమ్యూనిటీ హాలు గోడకు ఒక పలక ఉంటుంది. ఫలానా దేశం సహాయంతో కట్టినది అని దాని మీద రాసి ఉంటుంది. ఎక్కడి దేశం? ఎక్కడి బస్తీ? ఆ పైసలు మనదాకా ఎట్లా వచ్చాయి?

బయటి దేశాల డబ్బు రెండు రకాలు. ఒకటి గ్రాంటు. రెండోది అప్పు. గ్రాంటు తిరిగి కట్టనక్కరలేదు. అప్పు మాత్రం వడ్డీతో కట్టాలి. కట్టేది సర్కారే కదా అనుకోకండి. మనం సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను కడుతున్నాం. అప్పు తీరేది ఆ పన్నులతోనే. హుస్సేన్‌సాగర్‌ను బాగుచేయడానికి 2006లో జపాన్ ఇచ్చింది అప్పే, గ్రాంటు కాదు.

గ్రాంటు కథ కూడా మన నగరంలోనే ఉంది. 1967లో హైదరాబాద్ బస్తీల్లో పట్టణ సామాజిక అభివృద్ధి పథకం మొదలైంది. తర్వాత దానికి యూనిసెఫ్ చేయూతనిచ్చింది. 1980 తర్వాత బ్రిటన్ ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. ఆ డబ్బు నగరపాలక సంస్థ ద్వారా బస్తీలకు చేరింది. గల్లీల్లో రోడ్లు పడ్డాయి. మోరీలు కట్టారు. నల్లాలు, వీధి దీపాలు వచ్చాయి. బాలవాడీలు నడిచాయి. ఆడవాళ్లు కుట్టుపని నేర్చుకున్నారు.

మంచిదే. కానీ గ్రాంటుకు గడువు ఉంటుంది. గడువు తీరాక మోరీ పూడిపోతే ఎవరు తీయాలి? నల్లా విరిగితే ఎవరు బాగుచేయాలి? ఈ సంగతి ముందే తేల్చుకోకపోతే కొత్త మోరీ కూడా నాలుగేళ్లకే పాతదవుతుంది.

ఇంకో కథ వినండి. 1990 తర్వాత ఐక్యరాజ్య సమితి సహాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పేదరికం తగ్గించే పథకం నడిచింది. అక్కడి ఆడవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. పొదుపు చేశారు. లెక్కలు రాయడం నేర్చుకున్నారు. సంఘాలు కలిసి ఊరి సమాఖ్యలయ్యాయి. అవి కలిసి మండల సమాఖ్యలయ్యాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు సమాఖ్య అట్లా ఎదిగిందే. బయటి సహాయం ఆగింది. సంఘం ఆగలేదు. ఎందుకంటే పొదుపు వాళ్లది, లెక్క వాళ్లది, నిర్ణయం వాళ్లది.

పైసలు వచ్చినంత మాత్రాన ఎక్కువ తక్కువలు పోవు. మీటింగులో గట్టిగా మాట్లాడేవాళ్ల గల్లీకి ముందు రోడ్డు పడుతుంది. చివరి గల్లీలో ఉండే కిరాయిదారు, ఒంటరి ఆడది, పొద్దున్నే ఇళ్లలో పనికి పోయే అక్క మీటింగుకు రాలేదు. ఆమె అవసరం కాగితం మీదికి ఎక్కదు. అందుకే మీటింగు ఆమెకు వీలైన వేళకు పెట్టాలి. ఆమె మాట ముందు రాయాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. బయటి దేశాల విరాళం తీసుకునే సంస్థకు కేంద్ర హోం శాఖ అనుమతి ఉండాలి. ఆ సంస్థ ఏటా లెక్క చూపాలి. 2020లో చట్టం మార్చారు. అప్పటినుంచి వచ్చిన విరాళంలో నూటికి ఇరవై రూపాయలకు మించి ఆఫీసు ఖర్చులకు వాడరాదు.

"ఫారిన్ గ్రాంటు వచ్చింది. ముందు వెయ్యి రూపాయలు ఫీజు కట్టండి" అని ఎవరైనా వస్తే నమ్మకండి. పేదలకు ఇచ్చే గ్రాంటుకు పేదల దగ్గర ఫీజు ఉండదు.

ఇక సంతకం మాట. పని అయిందని, శిక్షణకు వచ్చారని, మిషన్ ముట్టిందని మీతో సంతకం పెట్టించుకుంటారు. మీ సంతకమే వాళ్ల లెక్కకు సాక్ష్యం. అందుకే పెట్టేముందు మూడు చూడండి.

ఒకటి: కాగితం మీద ఏం రాసి ఉంది?
రెండు: ఎంత అని రాసి ఉంది? మీ చేతికి అంతే వచ్చిందా?
మూడు: ఖాళీ గడులు ఉన్నాయా? ఉంటే సంతకం పెట్టకండి.

అనుమానం వస్తే అడగండి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద తెలుగులోనే రాసి సర్కారు ఆఫీసులో ఇవ్వవచ్చు. ఫీజు పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఒక్కరే అడిగితే కసురుకుంటారు. పదిమంది కలిసి అడిగితే కూర్చోబెట్టి చెబుతారు. నిన్నటిదాకా మన వేలిముద్ర తీసుకుని పంపేశారు. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. చదివి, అడిగి, అప్పుడే సంతకం పెడదాం.

సెలవు.