మందుమొక్కల ఉమ్మడి సేద్యము



తులసి, వావిలి, తిప్పతీగ, నేలవేము ఎరుగని తెలుగుపల్లె అరుదు. బాలింత స్నానమునకు వావిలాకు వేసి నీరు కాచుట నేటికిని పెక్కు ఇండ్లలో కలదు. అయినను మొక్కను ఎరుగుట వేరు, దానిని నిలుపుకొనుట వేరు.

ఆకు కోసిన మొక్క మరల చిగిర్చును. వేరు త్రవ్విన మొక్క చచ్చును. ఇందుకు సర్పగంధ చరిత్రయే సాక్ష్యము. ఉన్మాదమునకును నిద్రలేమికిని దాని వేరును దేశవైద్యులు తరతరములుగా వాడిరి. అది రక్తపుపోటును తగ్గించునని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆంగ్ల వైద్యపత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును తీసిరి. అంతట గిరాకి పెరిగెను. అడవిలో మొక్క తరిగెను. తుదకు 1990లో దాని విదేశవ్యాపారము అంతర్జాతీయ నియమములకు లోనయ్యెను.

కావున అడవిలో ఏరుకొనుట చాలదు, పొలములో పెంచవలయును. పెన్నేరు, అనగా అశ్వగంధ, మెట్టరైతునకు తగిన పంట. అనంతపురము సీమలో దీని సాగు కలదు. నీరు నిలువని తేలికనేల చాలును. ఐదారు నెలలకు వేరు త్రవ్వి, కడిగి, ముక్కలు కోసి ఆరబెట్టుదురు. లావుగా, లోపల తెల్లగా, పుటుక్కున విరుగు వేరునకు మంచి ధర పలుకును. బూజు పట్టినచో శ్రమయంతయు వృథా.

ఒక రైతు ఒక మూటతో సంతకు పోయినచో బేరగాడు చెప్పినదే ధర. పదుగురు కలిసి మేలైన విత్తనము తెచ్చి, ఒకే కళ్లమున ఆరబెట్టి, రకములు వేరుచేసి అమ్మినచో బేరము వారి చేతిలో నుండును. విత్తుటకు ముందే కొనువానిని కుదుర్చుకొనుట మరింత క్షేమము. ఇట్టి కష్టము నెరిగియే గిరిజనుల అటవీ ఫలసాయమును కొనుటకు 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకార సంస్థ వెలసినది. ఔషధపు మొక్కల పెంపునకై 2000లో కేంద్ర ప్రభుత్వము ఒక జాతీయ మండలిని నెలకొల్పెను.

ఒక హెచ్చరిక. చెట్టుమందే కదా యని మోతాదు తెలియక మ్రింగరాదు. సర్పగంధ అధికమైనచో మనసు క్రుంగును. పేరునుబట్టి దానిని పాముకాటు మందని నమ్మి కాలము వృథా చేసినచో ప్రాణమే పోవును. పాము కరచినవానిని తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్చవలయును.

గ్రంథాలయ ఆవరణమున నాలుగు మడులు వేసి, మడిమడికి పేరుపలక నాటుడు. బాలురు చదివిన పేరును కంటితో చూతురు. రైతులు అచటినుండి నారు కొనిపోదురు. వేరు తీసినచోట మరల విత్తు పడినప్పుడే మందు రాబోవు తరమునకు దక్కును.